మా పెరట్లో తొండలు ఎటు పోయాయి?

సంపాదకులు గారికి నమస్కారం.

నేను విశాఖపట్నంలోని గోపాలపట్నంలో ఉంటాను. 1989లో పెళ్ళయి ఈ ఇంటికి వచ్చాను, అప్పటి నుంచి ఇదే ఇల్లు, ఇదే పెరడు. ఈ ఉత్తరం రాజకీయాల గురించి కాదు, రోడ్ల గుంతల గురించీ కాదు. మా పెరట్లో తొండలు కనిపించడం లేదు. చిన్న విషయమని పక్కన పెట్టేయకుండా చివరిదాకా చదవమని కోరుతున్నాను, ఎందుకంటే ఈ సంగతి ఎవరికి చెప్పాలో తెలియకే మీకు రాస్తున్నాను. పులి కనిపించకపోతే అటవీ శాఖ వాళ్ళు వెతుకుతారు. తొండ కనిపించకపోతే వెతికేవాళ్ళు ఎవరూ లేరు.

పిచ్చుకల గురించి అందరూ రాస్తారు. 2010 నుంచి ప్రతి ఏడూ మార్చి 20న పిచ్చుకల దినం జరుపుతున్నారు, ఆ రోజు పేపర్లలో ఫొటోలు వస్తాయి, స్కూళ్ళలో అట్టపెట్టెలతో గూళ్ళు చేయిస్తారు, మంచిదే. పిచ్చుక ముద్దుగా ఉంటుంది కాబట్టి దానికి ఆ పాటి గుర్తింపైనా దక్కింది. తొండకి అది కూడా లేదు. మా చిన్నప్పుడు మగపిల్లలు దాన్ని చూడగానే రాయి తీసేవాళ్ళు, పెద్దవాళ్ళు కూడా వద్దనేవాళ్ళు కాదు. తొండ ముదిరి ఊసరవెల్లి అయిందని సామెత మాత్రం ఇప్పటికీ రోజుకి ఒకసారైనా టీవీలో ఎవరో ఒకరు వాడుతూనే ఉంటారు. అసలు తొండను చూసి ఎన్నాళ్ళయిందో వాళ్ళలో ఎవరైనా చెప్పగలరా?

మా పెరటి గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే నా బాధ అర్థం కాదు. మేం వచ్చినప్పుడు ఇది పెంకుటిల్లు, 1998లో డాబా వేశాం కానీ పెరడు ముట్టుకోలేదు. నుయ్యి, నూతి పక్కన చప్టా, ఒక జామచెట్టు, కరివేపాకు, మునగ, నందివర్ధనం, రెండు రకాల మందారాలు, వెనకాల గోరింట దడి. దడి చివర ఒక రాతి స్తంభం ఉంది, మా మామగారు గేదెను కట్టడానికి పాతించింది. పొద్దున్న ఎనిమిదిన్నరకి ఎండ ఆ స్తంభం మీదికి వచ్చేది, ఎండతో పాటు తొండ కూడా వచ్చేది. ఏప్రిల్, మే నెలల్లో మగ తొండకి మెడ దగ్గర నుంచి తల దాకా ఎర్రగా అయిపోయేది, అలా ఎర్రబడిన తొండ దూరం నుంచే మనిషి రక్తం పీల్చేస్తుందని మా అత్తగారు పిల్లల్ని దాని దగ్గరికి పోనిచ్చేవారు కాదు. అది రక్తమూ కాదు, పీల్చడమూ కాదు, ఆడ తొండ కోసం మగది వేసుకునే రంగు. తల కిందికీ పైకీ ఊపుతూ కూర్చునేది. వానలు పడ్డాక ఆడది దిగి కరివేపాకు మొదట్లో మట్టి గోకి చిన్న గుంట చేసి గుడ్లు పెట్టి మళ్ళీ మట్టి కప్పేసి తలతో అదిమి వెళ్ళిపోయేది. ఇదంతా నేను బట్టలు ఆరేస్తూ, గిన్నెలు తోముతూ చూసినదే.

నూతి చప్టా పగుళ్ళలో నలికిరులు ఉండేవి, రాగి తీగలా మెరుస్తూ, అడుగు చప్పుడుకి సర్రున జారిపోయేవి. సింహాచలం గిరి ప్రదక్షిణ రోజుల్లో, అంటే ఆషాఢ పున్నమి ముందూ వెనకా, వాన పడిన రాత్రి కప్పల గోలకి నిద్ర పట్టేది కాదు. మా వెనక వీధిలో గెడ్డ పారేది, అక్కడి నుంచి మొదలై ఒక్కొక్క ఇంటి నూతి దాకా ఆ అరుపు అందుకునేవి. కరెంటు మీటరు పెట్టె వెనకాల ఏటా పిచ్చుక గూడు కట్టేది. వంటింటి కిటికీ బయట రాత్రిళ్ళు మిణుగురులు. ఇక ఆరుద్ర కార్తె వస్తే ఆరుద్ర పురుగులు. ఎర్ర మఖ్‌మల్ గుడ్డ చిన్న చిన్న ముక్కలు చేసి మట్టి మీద చల్లినట్టు ఉండేవి. పిల్లలు అగ్గిపెట్టెలో ఇంత మట్టి, గరిక వేసి వాటిని దాచుకునేవాళ్ళు, ఎవరి అగ్గిపెట్టెలో ఎన్ని ఉన్నాయో లెక్క పెట్టుకుని దెబ్బలాడుకునేవాళ్ళు.

ఇప్పుడు వీటిలో ఏదీ లేదు. పెరడు మాత్రం అలాగే ఉంది.

నన్ను ఎక్కువగా బాధపెడుతున్నది ఇదే. సిమెంటు చేయించిన ఇంట్లో తొండ లేదంటే అర్థం ఉంది. మాది ఇప్పటికీ మట్టి పెరడే, ఎండుటాకులు ఊడ్చి కాల్చను, మొక్కల మొదట్లోనే వేస్తాను, పురుగుమందు ఈ ఇంట్లో ఎప్పుడూ కొట్టలేదు, పిల్లి లేదు, కుక్క లేదు. గోరింట దడి ఉంది, రాతి స్తంభం ఉంది, ఎనిమిదిన్నరకి ఎండ కూడా వస్తోంది.

మరి ఎప్పుడు పోయాయి? గత ఏడాది మా చెల్లెలు వచ్చినప్పుడు "ఏమే, మీ స్తంభం మీద తొండ ఉండేది కదా" అంది. అప్పుడు గాని నాకు తట్టలేదు. పక్కనే ఉండి, రోజూ చూస్తూ, అది రావడం మానేసిన రోజు నాకు తెలియలేదు. ఒక మనిషి రావడం మానేస్తే రెండో రోజుకే అడుగుతాం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు అటక మీద నుంచి పాత పాల లెక్కల డైరీలు దించాను. నాకు ముందు నుంచీ ఒక అలవాటు ఉంది, పాల లెక్క, గ్యాస్ బండ వచ్చిన తేదీ, చుట్టాల రాకపోకలు రాసేటప్పుడు ఆ రోజు విశేషం ఏదైనా ఉంటే పక్కన ఒక ముక్క రాస్తాను. మా ఆయనా నేనూ నాలుగు రోజులు కూర్చుని వాటన్నిటినీ తిరగేశాం. ఏం దొరికిందో చివర రాస్తాను.

చుట్టుపక్కల అడిగితే ఒక్కొక్కరు ఒక్కో కారణం చెప్పారు. ఎక్కువ మంది చెప్పింది సెల్ టవర్లు. నేనూ మొదట అదే అనుకున్నాను. కానీ చదివి చూస్తే అది నిలబడేలా లేదు. ఇంగ్లండ్‌లో పిచ్చుకలు తగ్గడం 1970ల చివర్లోనే మొదలైంది, అప్పటికి సెల్‌ఫోన్ మాటే లేదు. మన దేశంలో పక్షుల పరిస్థితి మీద 2020లో వచ్చిన పెద్ద నివేదికలో కూడా టవర్ల వల్లే పిచ్చుకలు పోతున్నాయనడానికి నమ్మదగిన ఆధారం లేదనే రాశారు. అదే నివేదికలో ఇంకో మాట ఉంది, అది నన్ను ఆశ్చర్యపరిచింది. దేశం మొత్తం మీద చూస్తే పాతికేళ్ళలో పిచ్చుకల సంఖ్య పెద్దగా మారలేదట, హైదరాబాద్, చెన్నై, బెంగళూరు, ముంబయి, ఢిల్లీ, కోల్‌కతా లాంటి పెద్ద నగరాల్లో మాత్రమే బాగా తగ్గాయట. అంటే పిచ్చుక చచ్చిపోతున్న జాతి కాదు, నగరంలో బతకలేకపోతున్న జాతి. విశాఖ పేరు ఆ ఆరింటిలో లేదు. కానీ మా మీటరు పెట్టె వెనకాల గూడు కూడా లేదు.

రెండో కారణం హుద్‌హుద్ తుఫాను. 2014 అక్టోబరు 12, ఆదివారం. ఈ ఊళ్ళో ఎవరిని అడిగినా ఆ రోజు ఎక్కడున్నారో చెబుతారు. మర్నాడు పొద్దున్న సింహాచలం కొండ చూస్తే నిప్పు పెట్టినట్టు గోధుమరంగులోకి మారిపోయి ఉంది, ఆకు అనేది లేదు. మా మునగచెట్టు పడిపోయింది, జామచెట్టు సగం విరిగింది. ఎన్నో రోజుల పాటు పక్షి కూత వినలేదు, ఆ నిశ్శబ్దం ఇప్పటికీ గుర్తే. అయితే తొండ విషయంలో మాత్రం హుద్‌హుద్‌ని నేను నిందించలేను, ఎందుకంటే 2015 ఎండాకాలంలో అది మళ్ళీ స్తంభం మీదికి వచ్చింది, డైరీలో ఉంది. పడిపోయిన మునగ మాను మీద రెండు తొండలు ఒకేసారి కనిపించాయని కూడా రాశాను. గాలికి పోలేదు అవి. తుఫానులో బతికి, తర్వాత మామూలు రోజుల్లో పోయాయి.

మూడోది దోమల మందు. దీని గురించి జాగ్రత్తగా రాయాలి. 2006లో చికెన్‌గున్యా వచ్చినప్పుడు మా అత్తగారు ఎనిమిది నెలలు గోడ పట్టుకుని నడిచారు, మా వీధిలో ఆ బాధ పడని ఇల్లు లేదు. కాబట్టి పొగ కొట్టవద్దని నేను అనను. కానీ ఆ పొగకి దోమ ఏదో, తూనీగ ఏదో, మిణుగురు ఏదో తెలియదు కదా. మలాథియాన్ లాంటి మందు ఏ పురుగు మీద పడినా ఒకేలా పనిచేస్తుంది. దోమ వారం, పది రోజుల్లో గుడ్డు నుంచి మళ్ళీ దోమ అవుతుంది, మిణుగురుకి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది. అంటే ప్రతి దెబ్బ నుంచీ దోమే ముందు కోలుకుంటుంది, దోమను తినేవి వెనకబడిపోతాయి.

నాలుగోది లైట్లు. హుద్‌హుద్ తర్వాత నగరమంతా ఎల్‌ఈడీ వీధి దీపాలు వేశారు. మా వంటింటి కిటికీ ఎదురుగా ఒకటి పడింది, రాత్రంతా పెరట్లో పేపరు చదవొచ్చు. ఆడపిల్లలు రాత్రి ట్యూషన్ నుంచి వచ్చేటప్పుడు భయం లేదు, అది మంచి విషయమే. కానీ మిణుగురు తన తోడును పిలిచేది చీకట్లో తన వెలుగుతో. అంత వెలుతురులో దాని పిలుపు ఎవరికి కనపడుతుంది? మిణుగురులు పోయిన కారణం ఇదే అనుకున్నాను, కానీ డైరీ ప్రకారం అవి ఈ దీపాలు రాకముందే ఆగిపోయాయి, మళ్ళీ రాకపోవడానికి మాత్రం ఇది కారణం కావచ్చు. తొండకి మాత్రం ఇది వర్తించదు, అది పగటి జీవి.

ఇక నాకు నేనుగా తట్టింది ఒకటుంది. అది మునగచెట్టు వల్ల తట్టింది. ఇంటి దగ్గర మునగ పెంచినవాళ్ళందరికీ తెలుసు, వానలు మొదలయ్యాక మానుకి గొంగళి పురుగులు గుత్తులు గుత్తులుగా పడతాయి, గాలికి నూగు రాలి ఒళ్ళంతా దద్దుర్లు. కర్రకి పాతగుడ్డ చుట్టి కిరసనాయిలు పోసి కాగడా పెట్టి కాల్చేవాళ్ళం, ఏటా అదొక టెన్షన్. హుద్‌హుద్‌కి పడిన మొద్దు నుంచే మళ్ళీ మునగ లేచింది, ఇప్పుడు పాతదాని కంటే పెద్దదయింది. దానికి ఐదారేళ్ళుగా గొంగళి పట్టడం లేదు. మొదట్లో హమ్మయ్య అనుకున్నాను, దేవుడు కరుణించాడని మా పక్కింటి వదినగారితో చెప్పాను కూడా. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే భయమేస్తోంది. తొండ తినేది పురుగుల్ని. పిచ్చుక పెద్దయ్యాక గింజలు తింటుంది కానీ గూట్లో పిల్లకి మొదటి రోజుల్లో పెట్టేది పురుగులే, గింజ పెడితే అది అరిగించుకోలేదు. ఇంగ్లండ్‌లోని లెస్టర్ పట్టణంలో పిచ్చుక గూళ్ళను గమనించి తేల్చింది కూడా అదే, వేసవిలో పురుగులు దొరక్క పిల్లలు గూళ్ళలోనే ఆకలికి పోతున్నాయట. మన బాల్కనీల్లో నూకలు చల్లి, నీళ్ళ గిన్నె పెట్టి, గూడు పెట్టె తగిలించి, రాలేదేమిటని ఎదురుచూస్తున్నాం. అమ్మకి అన్నం పెట్టి పిల్లకి పాలు లేకుండా చేసినట్టు.

సరే, పురుగులే లేవు, అందుకే తొండ లేదు అనుకుందాం. మరి పురుగులెందుకు లేవు? నేను మందు కొట్టలేదే?

ఈ ప్రశ్న పట్టుకుని ఒక సాయంత్రం మా వీధిలో ఈ చివర నుంచి ఆ చివరికి నడిచాను. 1989లో మా వరసలో పదకొండు ఇళ్ళు, పదకొండు పెరళ్ళు. పెరటికీ పెరటికీ మధ్య గోరింట దడో, తడిక కంచో ఉండేది తప్ప గోడ లేదు. ఇవాళ మట్టి ఉన్న పెరళ్ళు రెండు. మాది ఒకటి, మాకు నాలుగిళ్ళ అవతల ఇంకొకటి. మిగతావి అపార్టుమెంట్లు, ప్రహరీలు, కింద కార్ పార్కింగ్ టైల్స్. గెడ్డకి రెండు వైపులా సిమెంటు గోడ కట్టి మీద పలకలు కప్పేశారు, అది ఇప్పుడు మురుగు కాలువ. అప్పుడనిపించింది, ఒక పెరడు తొండకి ఇల్లు కాదేమోనని. పదకొండు పెరళ్ళూ కలిసి ఒక ఇల్లు. మా స్తంభం దాని వీధి అరుగు లాంటిది. మిగతా పది పోయాక ఈ ఒక్కదానిలో ఉన్న తొండకి తోడు దొరకలేదు, పిల్లలు కలగలేదు, ఉన్నది ముసలిదై పోయింది, కొత్తది టైల్స్ దాటి, గోడలు దాటి రాలేకపోయింది. మందు అక్కర్లేదు, తుఫాను అక్కర్లేదు.

ఇది నా ఊహ మాత్రమే. నేను చదివింది ఇంటర్ దాకా. తప్పయితే తప్పని చెప్పేవాళ్ళు చెప్పాలి, అసలు అందుకే ఈ ఉత్తరం.

రాబందుల సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. 1990ల్లో దేశమంతా రాబందులు రాలిపోయాయి, వీపు మీద తెల్ల మచ్చ ఉండే రకం వెయ్యింటికి ఒకటి కూడా మిగల్లేదు. ఏదో రోగం అన్నారు, విషం అన్నారు, తిండి లేదన్నారు, చాలా ఏళ్ళు ఎవరికీ అంతుపట్టలేదు. చివరికి తేలింది ఏమిటంటే పశువుల నొప్పులకి ఇచ్చే డైక్లోఫినాక్ అనే మందు. ఆ మందు పడిన పశువు చచ్చి, దాన్ని తిన్న రాబందుకి మూత్రపిండాలు పాడైపోయేవి. 2004 మొదట్లో పాకిస్తాన్‌లో చేసిన పరిశోధన బయటికి వచ్చింది, 2006లో మన దేశంలో పశువులకి ఆ మందు వాడకం ఆపేశారు. కలలో కూడా ఎవరూ అనుకోని కారణం అది. కానీ ఆ వెతుకులాట ఎలా మొదలైంది? భరత్‌పూర్‌లో విభు ప్రకాశ్ అనే పక్షి శాస్త్రవేత్త 1980ల్లో రాబందుల్ని లెక్కపెట్టి రాసుకున్నారు కాబట్టి, 1990ల్లో మళ్ళీ చూసినప్పుడు తేడా పట్టుకోగలిగారు. మొదటి లెక్క లేకపోతే రెండో లెక్కకి అర్థం లేదు.

జర్మనీలో క్రెఫెల్డ్ అనే ఊళ్ళో కొంత మంది సరదాగా పురుగులు పట్టేవాళ్ళు ఉన్నారు. ఉద్యోగంగా కాదు, ఇష్టం కొద్దీ. 1989 నుంచి, అంటే సరిగ్గా నేను ఈ ఇంటికి వచ్చిన ఏడాది నుంచి, రక్షిత ప్రాంతాల్లో ఒకే రకం వలలు కట్టి, పడిన పురుగుల్ని తూచి రాసుకుంటూ వచ్చారు. 27 ఏళ్ళ తర్వాత ఆ లెక్కలన్నీ కలిపి చూస్తే ఎగిరే పురుగుల బరువు నాలుగింట మూడు వంతులకు పైగా తగ్గిపోయింది. 2017లో అది బయటికి వచ్చాక ప్రపంచమంతా ఉలిక్కిపడింది. లండన్‌లో ది ఇండిపెండెంట్ అనే పత్రిక 2000లో పిచ్చుకలు ఎందుకు మాయమయ్యాయో శాస్త్రీయంగా తేల్చినవాళ్ళకి 5,000 పౌండ్ల బహుమతి ప్రకటించింది. పత్రిక తలుచుకుంటే ఏం చేయగలదో చెప్పడానికి రాశాను, మిమ్మల్ని డబ్బు పెట్టమని కాదు.

మన దేశంలో పక్షుల్ని చూసి రాసేవాళ్ళు ఇప్పుడు బాగానే ఉన్నారు. 2023లో వచ్చిన నివేదికకి 30 వేల మందికి పైగా జనం రాసిన 3 కోట్ల పరిశీలనలు వాడారని చదివాను, సంతోషం వేసింది. అందులో ఊళ్ళలోని పావురాలు పెరుగుతున్నాయని ఉంది, దానికి మా వీధిలోని ప్రతి అపార్టుమెంటు బాల్కనీకి ఉన్న వలే సాక్ష్యం. కానీ తొండను ఎవరు లెక్కపెట్టారు? నలికిరిని? ఆరుద్ర పురుగు ఏడాదిలో ఎక్కువ భాగం నేలలోనే ఉండి, తొలి వానలకి కొన్ని రోజులు పైకి వచ్చి, చిన్న చిన్న పురుగుల గుడ్లు తిని, మళ్ళీ మట్టిలోకి పోతుంది. తవ్వని, తొక్కని, కప్పేయని నేల ఉంటేనే దాని బతుకు. అది మన జిల్లాలో ఏ ఊళ్ళో ఉంది, ఏ ఊళ్ళో ఆగిపోయింది అని అడిగితే చెప్పడానికి ఒక కాగితం ముక్క ఎక్కడైనా ఉందా? అమ్మమ్మల మాటల్లో ఉంది అంతే. అమ్మమ్మలు పోతే అదీ పోతుంది. అసలు ఉండేదని చెప్పేవాళ్ళు లేకపోతే, లేదని బాధపడేవాళ్ళు కూడా ఉండరు.

అందుకని మీకు నా విన్నపం. మీ విశాఖ ఎడిషన్‌లో వారానికి ఒక రోజు చిన్న చోటు ఇవ్వండి, జాతకాలకి ఇచ్చేంత చోటు చాలు. "మీ పెరట్లో చివరిసారి ఎప్పుడు చూశారు?" అని అడగండి. మొదటి వారం తొండ. తర్వాత కప్ప, పిచ్చుక, మిణుగురు, నలికిరి, వానాకాలం దీపాల దగ్గర రాలే ఉసిళ్ళు. ఆరుద్ర పురుగుని మాత్రం జూన్ 22 తర్వాత అడగండి, అప్పుడైతే జనం బయటికి వెళ్ళి చూసి రాస్తారు. ఏ పేట, ఏ సంవత్సరం, పెరట్లో మట్టి ఉందా లేదా, ఈ మూడే చాలు, కథలు అక్కర్లేదు. గాజువాక వాళ్ళు, పెందుర్తి వాళ్ళు, మధురవాడ వాళ్ళు, వన్‌టౌన్‌లో పాత పెంకుటిళ్ళలో ఇంకా ఉంటున్నవాళ్ళు, ఉక్కునగరంలో చెట్ల మధ్య ఉంటున్నవాళ్ళు అందరూ రాస్తే ఆరు నెలల్లో ఈ ఊరి పటం మీద గుర్తులు పెట్టొచ్చు. ఇంకా ఉన్నవాళ్ళు తప్పకుండా రాయాలి. "మా దగ్గర ఉన్నాయి, మీకు లేవా?" అని ఒక్కరు రాసినా అది వంద ఫిర్యాదుల కంటే విలువైనది, ఎందుకంటే వాళ్ళకీ మనకీ తేడా ఏమిటో అక్కడ వెతకొచ్చు. కంబాలకొండ అడవి పక్కనున్న కాలనీల్లో తొండలు బాగానే ఉండి, ఎన్‌ఏడీ కొత్తరోడ్డు కూడలి దగ్గర లేకపోతే ఒక అర్థం. కంబాలకొండ పక్కన కూడా లేకపోతే అది వేరే అర్థం, నా పదకొండు పెరళ్ళ ఊహ తప్పని కూడా అప్పుడే తేలిపోతుంది.

ఆంధ్రా యూనివర్సిటీ జువాలజీ విభాగం వారు ఈ ఉత్తరం చూస్తే, ఎమ్మెస్సీ పిల్లలకి ఏటా ప్రాజెక్టులు ఇస్తారు కదా, వాటిలో ఒక్కటి వీధుల్లో తొండల లెక్కకి ఇవ్వమని ప్రార్థన. మా పెరడు ఎప్పుడైనా వచ్చి చూసుకోవచ్చు, టీ ఇస్తాను. దోమల పొగ ఏ వీధిలో ఏ రోజు కొడతారో ముందు రోజు చెబితే బాగుంటుంది. మానమని అనడం లేదు, రాసి పెట్టుకోవడానికి. ఆ తేదీలు కూడా ఒక లెక్కే.

మీరు ఆ శీర్షిక మొదలుపెడితే మొదటి ఉత్తరం నాదే కావాలని ఇప్పుడే రాసేస్తున్నాను. ఇవన్నీ పాల లెక్కల డైరీల నుంచి తీసినవే, గుర్తున్నంత వరకు చెప్పినవి కావు.

పేట గోపాలపట్నం, పెరట్లో మట్టి ఉంది. మీటరు పెట్టె వెనక పిచ్చుక గూడు చివరిసారి 2005 మార్చి, ఆ తర్వాత పిచ్చుకలు వచ్చి వాలేవి గాని గూడు కట్టలేదు, వాలడం కూడా 2009తో ఆగింది. ఆరుద్ర పురుగులు 2010 జూన్ 26, "పిల్లలు అగ్గిపెట్టెలో తెచ్చారు, ఏడు" అని ఉంది. మిణుగురులు 2013 ఆగస్టు. కప్పల అరుపులు నిద్ర పట్టనంతగా 2012, ఒకటీ అరా వినపడింది 2019 జులై దాకా. నలికిరి 2018లో ఒకటి, చప్టా మీద చచ్చిపడి ఉంది, తేదీ రాయలేదు. తొండ గురించి చివరి మాట 2020 ఏప్రిల్ 19, లాక్‌డౌన్ రోజులు, వీధిలో బండి చప్పుడు లేదు, మా ఆయన రాశారు ఆ రోజు: "స్తంభం మీద తొండ. మెడ ఇంకా ఎర్రబడలేదు." ఆ తర్వాత ఐదు డైరీలు వెతికాం, ఎక్కడా లేదు. ముంగిస మాత్రం ఉంది. పోయిన గురువారం పొద్దున్న ఆరు గంటలకి గోరింట దడి కింద నుంచి దూరి, నూతి చుట్టూ తిరిగి, అవతలి ఖాళీ స్థలంలోకి వెళ్ళింది. ఆ స్థలంలో వచ్చే నెల పునాది తవ్వుతారట.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
గోపాలపట్నం, విశాఖపట్నం